వీధి పోరాటమూ, పోపుల డబ్బా

మొన్న ఆదివారం సాయంత్రం వంటింట్లో పీట వేసుకుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాను. హాల్లో మా అబ్బాయీ, వాడి కూతురూ టీవీ ముందు చతికిలబడి ఏదో ఆట ఆడుకుంటున్నారు. ఉన్నట్టుండి మా మనవరాలు "హడూకెన్!" అని ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట నా చెవిన పడి పాతికేళ్ళు దాటింది. ఒకప్పుడు అది వినిపిస్తే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. ఈసారి మండలేదు సరికదా, చెప్పొద్దూ, కాస్త నవ్వు కూడా వచ్చింది.

తొంభైల్లో మగపిల్లల్ని పెంచిన తల్లులకి ఈ మాట నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. అది స్ట్రీట్ ఫైటర్ అనే వీడియో గేములో ఒక దెబ్బ పేరు. జపాను భాషలో "అలలా కదిలే పిడికిలి" లాంటి అర్థం ఉందట. మా దిల్‌సుఖ్‌నగర్ పిల్లల నోట్లో పడి అది "ఆడుకెన్" అయింది. మా మామగారు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషి. మావాడు గోడ మీద నీడని గుద్దుతూ "ఆడుకెన్, ఆడుకెన్" అంటుంటే పడక్కుర్చీలోంచి కళ్ళజోడు పైకి తోసి, "ఆడుకొనెన్ అనాలిరా. మధ్యలో కొ ఎక్కడికి పోయింది?" అని అడిగారు. వాడు పాపం ఆయన ముఖంలోకి చూసి, "తాతయ్యా, అది బటన్ నొక్కితే వస్తుంది" అన్నాడు.

మేము సూర్యాపేట నుంచి బదిలీ మీద హైదరాబాదు వచ్చింది 1986లో. దిల్‌సుఖ్‌నగర్ వెనకాల ఇల్లు తీసుకున్నామంటే మా చుట్టాలు, "అంత ఊరవతలకా?" అని జాలిపడ్డారు. నిజంగానే అప్పుడది ఊరి చివర. ఎల్.బి. నగర్ చౌరస్తా దాటితే విజయవాడ రోడ్డు తప్ప మరేమీ లేనట్టుండేది. కొత్తపేటలో పళ్ళ మార్కెట్టు వాసన గాలి వాటాన్ని బట్టి మా డాబా మీదికొచ్చేది. ఆ మార్కెట్టు కూడా ఇప్పుడు అక్కడ లేదు, బాటసింగారం వెళ్ళిపోయింది. నాలుగైదేళ్ళు గడిచేసరికి మెయిన్ రోడ్డు రూపమే మారిపోయింది. ఎటు చూసినా ట్యూషన్లు, కంప్యూటర్ క్లాసులు, హాస్టళ్ళు. నల్గొండ, ఖమ్మం, గుంటూరు అనకుండా అన్ని జిల్లాల పిల్లలూ ట్రంకు పెట్టెలతో దిగేవారు. పిల్లలు అంతమంది పోగయ్యాక, వాళ్ళ జేబులో రూపాయి కోసం కాచుకునేవాళ్ళూ పోగవుతారు కదా. మిర్చి బజ్జీల బండి, చెరుకురసం, అద్దె సైకిళ్ళు. వాటి పక్కనే, సందులోకి తిరిగిన చోట, ఒక రేకు షట్టరు. అదే వీడియో గేముల దుకాణం.

దానికి కిటికీ ఉండేది కాదు. ద్వారానికి ముదురు రంగు పరదా. లోపల బీరువాలంత చెక్కపెట్టెలు నాలుగో అయిదో, ఒక్కో పెట్టెకీ ఒక తెర, తెర కింద ఒక కడ్డీ, ఆరు గుండీలు. ఆట రూపాయి. లోపల చెమట వాసన, అగరొత్తి వాసన కలిసి వచ్చేవి. ఇంత వివరంగా నాకెలా తెలుసంటారా? ఒకసారి లోపలికి వెళ్ళాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఈ ఆట ఎక్కడ పుట్టిందో చూద్దాం. జపానులో ఒసాకా నగరంలో కాప్‌కామ్ అని ఒక కంపెనీ ఉంది. వాళ్ళు 1987లో మొదటి స్ట్రీట్ ఫైటర్ తెచ్చారు. తకాషీ నిషియామా అనే ఆయన దానికి దర్శకుడు. అందులో ఆడేవాడికి దక్కేది ర్యూ అనే కరాటే కుర్రాడు. రెండోవాడు వచ్చి చేరితే వాడికి కెన్. తెల్లబట్టల ర్యూ, ఎర్రబట్టల కెన్, ఇద్దరూ ఒకే గురువు శిష్యులు. ఆ మొదటి పెట్టెకి గుండీలకి బదులు రెండు పెద్ద రబ్బరు దిండ్లు పెట్టారు. ఎంత గట్టిగా గుద్దితే తెర మీద దెబ్బ అంత గట్టిగా తగులుతుందన్నమాట. ఆలోచన బాగానే ఉంది గానీ, ఆడేవాళ్ళకి చేతులు వాచాయి, పెట్టెలు పాడయ్యాయి. దాంతో దిండ్లు తీసేసి ఆరు గుండీలున్న పెట్టె తెచ్చారు. గుద్దుకి మూడు, తన్నుకి మూడు: మెల్లిది, మధ్యరకం, గట్టిది. దిండ్ల బాధ తప్పించుకోవడానికి వచ్చిన ఆ ఆరు గుండీలే తర్వాత ఈ ఆటకి ఆనవాలైపోయాయి.

మొదటి ఆట ఓ మాదిరిగా ఆడింది. నిషియామా కాప్‌కామ్ వదిలి ఎస్.ఎన్.కె. అనే పోటీ కంపెనీకి వెళ్ళిపోయి అక్కడ ఇలాంటి ఆటలే మొదలుపెట్టారు. కింగ్ ఆఫ్ ఫైటర్స్ ఆ ఇంటి బిడ్డే. ప్రపంచమంతా ఊగిపోయింది మాత్రం రెండోదానికి. 1991లో, అంటే మన పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయిన ఏడాదే, స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చింది. అకిరా నిషితాని ఆట అల్లితే, అకిరా యసుదా బొమ్మలు గీశారు. యోషికి ఒకమోతో పైనుంచి నడిపించారు. ఈసారి ఇద్దరు కాదు, ఎనిమిది మందిలో ఎవరినైనా ఎంచుకోవచ్చు. వాళ్ళందరినీ ఓడిస్తే, ఆపైన ఇంకో నలుగురు ప్రతినాయకులు.

ఆ ఎనిమిది మందినీ చూస్తే మన బొమ్మల కొలువు గుర్తొస్తుంది. జపాను నుంచి సుమో వస్తాదు, బ్రెజిల్ నుంచి ఒంట్లో కరెంటున్న ఆకుపచ్చ మనిషి, అమెరికా నుంచి చీపురుకట్టలా జుట్టు నిలబెట్టిన సైనికుడు, రష్యా నుంచి జాంగీఫ్ అనే మల్లుడు. ఈ జాంగీఫ్‌ని సోవియట్ వీరుడిగా తయారుచేశారు. ఆట వచ్చిన ఏడాది డిసెంబరులోనే సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. అతను గెలిస్తే ఆట చివర్లో హెలికాప్టర్లోంచి అచ్చం గోర్బచేవ్ లాంటి పెద్దమనిషి దిగి అతనితో కలిసి నాట్యం చేస్తాడు! "సోవియట్ భూమి" పత్రిక కాగితాలతో పుస్తకాలకి అట్టలు వేసుకున్న తరం మాది. మొన్న మావాడు ఆ ముక్క చూపిస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మన దేశం నుంచి కూడా ఒకాయన ఉన్నాడు. పేరు ధాల్సిమ్. కేరళవాడట. చేతులూ కాళ్ళూ చీరల దుకాణంలో తాన్లలా సాగుతాయి, నోట్లోంచి నిప్పులు కక్కుతాడు, మెళ్ళో పుర్రెల దండ. అతను పోరాడే చోట వెనకాల వరసగా ఏనుగులు. యోగా అంటే నిప్పులు కక్కడమని వాళ్ళకి ఎవరు చెప్పారో గానీ, మా కాలనీ పార్కులో పొద్దున్నే యోగా చేసేవాళ్ళలో ఒక్కరి నోట్లోంచి కూడా నాకు పొగైనా కనిపించలేదు. అయినా ఆ మనిషి కథలో ఒక మంచి మాట ఉంది. అతనికి కొట్లాటంటే ఇష్టం లేదు. ఊళ్ళో పేదవాళ్ళ కోసం డబ్బు కూడబెట్టడానికి పోటీకి దిగాడట. ఇంట్లో భార్య, ఒక కొడుకు. 1994లో ఈ ఆటని హాలీవుడ్ వాళ్ళు సినిమా తీస్తే, ధాల్సిమ్‌గా వేసింది ఎవరనుకున్నారు? రోషన్ సేఠ్. "గాంధీ" సినిమాలో నెహ్రూగా వేసిన ఆయనే.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. చున్‌లీ. ఎనిమిది మందిలో ఒక్కతే ఆడపిల్ల. చైనా అమ్మాయి, రెండు వైపులా ముడులు వేసి గుడ్డలు చుట్టిన జుట్టు, నీలం దుస్తులు. ఇంటర్‌పోల్‌లో పనిచేస్తుంది. తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చింది. ఈ తరహా పోరాటాల ఆటల్లో ఆడేవాళ్ళు ఎంచుకోవడానికి దొరికిన మొదటి పేరున్న కథానాయిక ఈమే అంటారు. ఇందులో ఒక సంగతి వింటే మీకూ నాలాగే చురుక్కుమంటుంది. తెర పైన ఒక్కొక్కరికీ ప్రాణం ఎంత మిగిలిందో చూపించే పసుపు పట్టీ ఒకటుంటుంది. దెబ్బ తిన్నకొద్దీ తరుగుతుంది. ఆట తయారయ్యేటప్పుడు ఒకమోతో గారు, ఆడవాళ్ళకి బలం తక్కువ కదా, చున్‌లీ పట్టీ మాత్రం కాస్త పొట్టిగా పెడదామన్నారట. తోటివాడొకాయన కుదరదని తేల్చి చెప్పాడు. పట్టీ అందరికీ ఒకటే కొలతలో ఉండిపోయింది. ఎక్కడో ఒసాకాలో, మగవాళ్ళు నిండిన ఆఫీసులో, ఆరోజు ఆ ఒక్క మనిషీ సరేలెమ్మని ఊరుకుంటే? మా మనవరాలు ఎప్పుడు ఆడినా చున్‌లీనే ఎంచుకుంటుంది. తన పట్టీ పొట్టిగా ఉండుంటే అది ఎంచుకునేదేనా అని నాకు అనుమానం.

ఆ ఆటలో ఇంకో ఆడమనిషి కూడా ఉంది, తెర వెనకాల. యోకో షిమొమురా. ఒసాకాలో సంగీత కళాశాలలో పియానో నేర్చుకుంది. 1988లో చదువు పూర్తయ్యేసరికి పియానో టీచరు ఉద్యోగం సిద్ధంగా ఉంది. అది కాదని వీడియో గేములకి బాణీలు కట్టడానికి కాప్‌కామ్‌లో చేరింది. అంత ఫీజులు కట్టి సంగీతం చదివిస్తే ఇదేం ఉద్యోగమని ఇంట్లోవాళ్ళూ, గురువులూ నొచ్చుకున్నారట. మన ఇళ్ళల్లో మాటలే చూశారా! స్ట్రీట్ ఫైటర్ 2లో రెండు మూడు తప్ప బాణీలన్నీ ఆవిడవే. పరదా వెనకాల నుంచి రోడ్డు మీదికి వినిపించిన ఆ "టింగు టింగు" మోతని నేను ఏళ్ళ తరబడి తిట్టుకున్నాను. అది ఒక పాతికేళ్ళ లోపు అమ్మాయి ఇంట్లోవాళ్ళని ఎదిరించి కట్టిన సంగీతమని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆట ఎలా ఆడతారో కూడా చెబుతాను, మొన్న మనవరాలు నాకు నేర్పింది కాబట్టి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడతారు. పైన గడియారం తొంభై తొమ్మిది నుంచి వెనక్కి నడుస్తుంది. ఆలోగా ఎదుటివాడి పట్టీ ఖాళీ చేయాలి, లేదా కనీసం మనది వాడిదానికన్నా ఎక్కువ మిగలాలి. మూడింట రెండు గెలిస్తే గెలుపు. ఎడం చేతిలో కడ్డీ, కుడి చేతికి గుండీలు. కడ్డీని వెనక్కి లాగి పట్టుకుంటే దెబ్బ కాచుకున్నట్టు. మరి ఎప్పుడూ కాచుకుంటూ కూర్చుంటే పోలేదా అన్నాను. కుదరదట. కాచుకున్నవాణ్ణి దగ్గరికొచ్చి పట్టుకుని ఎత్తి పడేయొచ్చు. ఎత్తి పడేయడానికి వచ్చేవాణ్ణి ముందే ఒకటి కొట్టొచ్చు. కొట్టేవాణ్ణి కాచుకోవచ్చు. పిల్లలు రాయి, కాగితం, కత్తెర ఆడతారే, అదే తిరగలి. పైకి పిడిగుద్దుల్లా కనిపిస్తుంది గానీ లోపలంతా ఎదుటివాడి మనసులో ఏముందో పసిగట్టడమే. అత్తాకోడళ్ళున్న ఇంట్లో ఆ విద్య ఎవరికీ కొత్త కాదు.

ఆ హడూకెన్ ఉంది చూశారూ, అది ఒక గుండీతో రాదు. కడ్డీని కిందికి దించి, అక్కణ్ణుంచి మూలగా జరిపి, ముందుకి తెచ్చి, అదే ఊపులో గుద్దు నొక్కాలి. పెనం మీద దోసెపిండిని గరిటెతో పావు చుట్టు తిప్పినట్టు. తిప్పడం ఒక్క క్షణం ఆగినా పిండి ముద్దకట్టినట్టే, దెబ్బ రాదు. నలభై ఏళ్ళుగా దోసెలు పోస్తున్న చెయ్యి కదా, నాకు మూడోసారికే వచ్చింది! మావాడు నోరు తెరిచాడు. వాడికి ఎన్నో రూపాయలు పోస్తే గానీ రాలేదట. ముందుకి, కిందికి, మూలకి అని ఇంకో తిప్పు ఉంది, పైకి లేచి గడ్డం కింద గుద్దేది. అది మాత్రం నా వల్ల కాలేదు.

ఈ ఆటకి ప్రాణమైన ఇంకో సంగతి అనుకోకుండా వచ్చిందే. మధ్యలో ఒక కారుని గుద్ది తుక్కు చేసే ఘట్టం ఉంటుంది. తయారీలో దాన్ని పరీక్షిస్తున్న ఒకాయన, ఒక దెబ్బ పూర్తికాకముందే ఇంకో దెబ్బ అతుక్కుంటోందని గమనించాడు. అది పొరపాటే అయినా చెరిపేయకుండా ఉంచేశారు. ఒకదాని వెనక ఒకటి దెబ్బలు దండ గుచ్చినట్టు వేయడం, పిల్లలు కాంబో అనేది, అలా పుట్టింది. ఆ తర్వాత వచ్చిన ఇలాంటి ఆటలన్నిటికీ అదే పునాది.

పేర్ల గొడవ ఇంకోటి. జపానులో నలుగురు ప్రతినాయకుల్లో బాక్సరు పేరు ఎం. బైసన్. మైక్ టైసన్ పోలిక మరీ కొట్టొచ్చినట్టుంది. అమెరికా తీసుకెళ్తే ఆయన కోర్టుకి లాగుతాడేమోనని భయపడి, ముగ్గురు దుర్మార్గుల పేర్లు తలా ఒకటి మార్చేశారు. ఆ బైసన్ పేరు మహానాయకుడికి వచ్చి పడింది. మన పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టుల మీద చీటీలు మారినట్టే.

మరుసటి ఏడాది, 1992లో, ఇళ్ళల్లో టీవీకి పెట్టుకునే నింటెండో పెట్టెకి ఈ ఆట వస్తే 63 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అదే ఏడు అమెరికాలో మోర్టల్ కాంబాట్ అని నెత్తురు చిందే ఆట వచ్చింది. తల్లిదండ్రుల గగ్గోలుకి 1993 డిసెంబరులో అమెరికా సెనేటులో విచారణలు జరిగి, 1994లో ఏ ఆట ఏ వయసు వాళ్ళకో ముద్ర వేసే సంస్థ ఏర్పడింది. ఇక్కడ మాకు సెనేటూ లేదు, ముద్రా లేదు. నేనూ, నా చీపురూ.

మన దగ్గరికి ఇంటి పెట్టెలు వచ్చింది తక్కువ, ఆ ధరకి ఎవరు కొంటారు? పిల్లలకి తెలిసింది ఆ రేకు షట్టరే. అక్కడికి వచ్చినవి కూడా అన్నీ అసలు సరుకు కాదు. మావాడు ఆడినదాంట్లో నిప్పుబంతి గాల్లో వంకర్లు తిరుగుతూ మనిషిని వెంటాడేదట, ఆట మధ్యలో ఒక గుండీ నొక్కితే ర్యూ కాస్తా చున్‌లీ అయిపోయేవాడట. తైవాన్‌లో ఎవరో అసలు ఆటని విప్పి ఇష్టం వచ్చినట్టు మార్చిన దొంగ ప్రతి అది. రెయిన్‌బో ఎడిషన్ అంటారు. చిత్రమేమిటంటే, ఆ దొంగ ఆట వేగం చూసే కాప్‌కామ్ వాళ్ళు 1992లోనే తమ ఆటకి వేగం పెంచి మళ్ళీ విడుదల చేశారు. దొంగ దగ్గర దొర నేర్చుకోవడమంటే ఇదే. ఇంకో పెట్టెలో అదే కంపెనీ వాళ్ళ డైనోసార్ల ఆట ఉండేది. దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. ఆ పేరుతో అడిగిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. అందులో ముస్తఫా అనే వీరుడు ఉన్నాడని అందరికీ అది "ముస్తఫా గేమే."

దుకాణంలో ఒక నియమం ఉండేదట. ఇద్దరు ఆడితే ఓడినవాడు పక్కకి తప్పుకోవాలి, గెలిచినవాడు నిలబడాలి. ఎదురు నిలవదలుచుకున్నవాడు తన రూపాయి వేసుకోవాలి. అంటే చెయ్యి తిరిగినవాడికి ఒక్క రూపాయితో సాయంత్రం గడిచిపోతుంది. చేతకానివాడికి పది రూపాయలు పది నిమిషాల్లో ఆవిరి. మావాడు మొదట్లో రెండో రకం.

1994లో వాడు ఎనిమిదో తరగతి. త్రైమాసిక పరీక్షల్లో లెక్కల్లో 28 వచ్చాయి. ఆ సాయంత్రమే పక్కింటి వదినగారు, "మీవాణ్ణి ఆ సందులో చూశాను" అని చెవిన వేసింది. చేతి తడి కొంగుకి తుడుచుకుంటూ అలాగే వెళ్ళాను. పరదా తీశాను. చీకటికి కళ్ళు అలవాటు పడడానికి కాస్త సేపు పట్టింది. మావాడి వీపు కనిపించింది. ఒక దెబ్బ వేశాను. లోపలున్న పదిమంది పిల్లలూ బిగుసుకుపోయారు. దుకాణం అతను స్టూలు మీంచి లేచి, "అమ్మా, పోరగాండ్లు ఆడుకుంటున్రు, గంతే. సిగరెట్లు, గిగరెట్లు ఏం లెవ్వు నా తాన" అన్నాడు. నేను వినిపించుకోలేదు. చెయ్యి పట్టుకుని రోడ్డంతా ఈడ్చుకుంటూ తెచ్చాను. వాడు ఏడవలేదు. తెర మీద వాడి మనిషి, కడ్డీ పట్టుకునే చెయ్యి లేక, తన్నులు తింటూ నిలబడి ఉండడం నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

ఇది చెప్పడం సులువే, నవ్వుకోవచ్చు కూడా. రెండోది చెప్పడం కష్టం.

మొన్న ఆట మధ్యలో మనవరాలు అడిగింది: "డాడీ, నీకు అన్ని రూపాయలు ఎవరిచ్చేవాళ్ళు?" వాడు తెర మీంచి కళ్ళు తీయకుండా, "నానమ్మ పోపుల డబ్బాలోంచి తీసేవాణ్ణి. ఆవాల కింద దాచేది" అన్నాడు. అది కిలకిలా నవ్వింది. నేనూ నవ్వబోయాను. అంతలో గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో పాలవాడికని, కూరలకని చిల్లర పోపుల డబ్బాలోనే వేసేదాన్ని. పరీక్షలకి ముందు నెల్లాళ్ళపాటు రోజూ ఒకటి రెండు రూపాయలు తగ్గుతూ వచ్చాయి. మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి ఎల్.బి. నగర్ చౌరస్తా అవతల గుడిసెల్లోంచి నడిచి వచ్చేది. నేను దొంగా అనలేదు. "డబ్బాలో చిల్లర తగ్గుతోందే" అన్నాను, ఆమె వైపే చూస్తూ. అంతే. "అమ్మా, నేను ముట్టలే. నా పిల్ల మీద ఒట్టు" అంది. నేను మళ్ళీ మాట్లాడలేదు. ఆమె తోమిన గిన్నెలు బోర్లించి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. జీతం కోసం కూడా మళ్ళీ రాలేదు. పది రోజుల జీతం నా దగ్గరే ఉండిపోయింది.

చిల్లర తగ్గడం ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. కొత్త మనిషి కుదిరింది, వాడు ఆ సందు వైపు వెళ్ళడం తగ్గించాడు, నేను చిల్లర బీరువాలోకి మార్చాను. ఎందుకు తగ్గిందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

గోరుచిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టి హాల్లోకి వెళ్ళి ఇదంతా వాడికి చెప్పాను. వాడు ఆట ఆపేశాడు. "ఆమె మా కోసం ముంజలు తెచ్చేది కదమ్మా" అన్నాడు. ఆమె ఎందుకు మానేసిందో వాడికి ఇన్నాళ్ళూ తెలియదు. చిల్లర ఎవరు తీశారో నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం. మర్నాడు ఇద్దరం కలిసి ఎల్.బి. నగర్ వెళ్ళాం. ఇప్పుడక్కడ గుడిసెలెక్కడివి? ఫ్లైఓవర్లు, అండర్ పాసులు, 2018 నుంచి మెట్రో. పాత కిరాణా కొట్టు ముసలాయన ఒకరు, "ఆళ్ళంతా హయత్‌నగర్ దిక్కు పోయిన్రమ్మా, శానా ఏండ్లాయె" అన్నాడు. పేరు చెబితే గుర్తుపట్టలేకపోయాడు. మావాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. వచ్చే ఆదివారం హయత్‌నగర్ వెళ్దామన్నాడు.

ఆ రేకు షట్టరు ఎప్పుడు మూతపడిందో నాకు సరిగ్గా గుర్తులేదు. తొంభైల చివర్లో మొదట ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి, తర్వాత ఇంటింటా కంప్యూటర్లు. ఆట మాత్రం ఆగలేదు. మూడోది 1997లో, నాలుగోది 2008లో, అయిదోది 2016లో, ఆరోది 2023లో వచ్చాయి. మధ్యలో 2004లో కాలిఫోర్నియాలో జరిగిన పోటీ ఒకటి మావాడు నాకు వీడియో వేసి చూపించాడు. జపాను కుర్రాడు డైగో ఉమెహరా కెన్‌తో ఆడుతున్నాడు. ఎదుట జస్టిన్ వాంగ్ అనే అమెరికా కుర్రాడు, అతనిది చున్‌లీ. కెన్ ప్రాణం వెంట్రుకవాసి మిగిలింది. కాచుకున్నా చాలు, ఆ అదురుకే పోతాడు. చున్‌లీ ఏకధాటిగా పదిహేను తన్నులు మొదలుపెట్టింది. ఉమెహరా ఒక్కో తన్ను తగిలే క్షణానికి కడ్డీని సరిగ్గా ఎదురు తట్టి, పదిహేనూ తోసేసి, తిరిగి కొట్టి గెలిచాడు. హాలంతా లేచి అరుస్తోంది. అంతా చేసి ఆ ఏడాది ట్రోఫీ మాత్రం అతనికి రాలేదు. మా మనవరాలికి ఆ వీడియో నచ్చదు, చున్‌లీ ఓడిపోతుందని.

2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5ని పతకాల పోటీగా పెట్టారు. మన దేశం నుంచి కూడా ఇద్దరు ఆడారు. బంగారు పతకం కొరియాకి చెందిన కిమ్ గ్వాన్ వూకి వచ్చింది. ఆయన వయసు అప్పటికి 44. అంటే ఇంచుమించు మావాడి ఈడు. ఆయనా కుర్రతనంలో ఆ ఆటల దుకాణాల్లో పెరిగినవాడేనట. ఆయన్ని అక్కణ్ణుంచి ఈడ్చుకొచ్చిన తల్లి ఉందో లేదో. ఈ సంగతి మావాడు చెప్పినప్పుడు నేను గడుసుగా, "నీకు లెక్కల్లో 28 వచ్చిన మాట మర్చిపోకు" అన్నాను.

పాత ఆటలు పన్నెండు కలిపి కాప్‌కామ్ వాళ్ళు 2018లో ఒక మూటగా అమ్మారు. ఇప్పుడు మా హాల్లో ఆడుతున్నది అదే. నాణెం వేయక్కర్లేదు, పరదా లేదు, పక్కనే పకోడీల పళ్ళెం. కడ్డీకి బదులు చేతిలో పట్టే చిన్న పెట్టె. నా బొటనవేలు దాని మీద సరిగ్గా ఆనదు. మనవరాలు నన్ను ఇప్పటికి ఏడుసార్లు ఓడించింది. ధాల్సిమ్‌ని తీసుకో నానమ్మా, చేతులు పొడుగు, దూరంగా నిలబడి కొట్టొచ్చు అంటుంది. నాకు చున్‌లీయే కావాలి. ఒకే మనిషిని ఇద్దరూ ఎంచుకునే వీలు మొదటి ప్రతిలో లేదు, 1992లో వచ్చిన ప్రతి పెట్టుకోవాలి. నీలం బట్టలు అది తీసుకుంటుంది, ఇంకో రంగు నాకిస్తుంది. చున్‌లీకి వంద కాళ్ళున్నట్టు తన్నే దెబ్బ ఒకటుంది. దానికి తిప్పుళ్ళేమీ అక్కర్లేదట, తన్ను గుండీ ఒకటే టకటకా నొక్కుతూ పోవాలి. రేపు అది స్కూలు నుంచి వచ్చేలోగా దాన్ని సాధన చేద్దామని, కూర రాత్రే తరిగి పెట్టుకున్నాను.